కుట్టడం తప్ప అంతా అయిపోయిందండి

నేను రాజమండ్రిలో ఇంట్లోనే కూర్చుని డ్రైవర్లు రాస్తాను. అంటే కంప్యూటరు నుంచి డిస్కుకి డేటాని వేగంగా పంపే ప్రోగ్రాములు. కార్లతో సంబంధం లేదంటే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు.

పొద్దున మీటింగులో మేనేజరు గారు నా మీద విరుచుకుపడ్డారు. డేటా ఇంకా మెమరీలో ఉండగానే, డిస్కుకి చేరకుండానే, నా కోడు ‘అయిపోయింది’ అని చెప్పేస్తోందట. ఈలోగా కరెంటు పోతే డేటా గోవిందా!

“అలా చెప్పబట్టే కదండీ అంత స్పీడు! మా చేతికి అందాక మిగతాది మా పూచీ” అని నేనూ గట్టిగానే వాదించాను.

రేపు పిఠాపురంలో మా ఆడపడుచు నిశ్చితార్థం. సాయంత్రం ఫోన్ చేస్తే టైలరు సత్తిబాబు గారు “మీ జాకెట్టు అయిపోయిందండి” అన్నారు. పరుగెత్తుకెళ్లాను. నేనిచ్చిన కవరులో, నేను పెట్టిన మడత కూడా చెదరకుండా ఉంది జాకెట్టు ముక్క.

“అయిపోయిందన్నారు కదండీ?”

“అయిపోయిందండి! బట్ట మా చేతికొచ్చేసిందండి, కొలతలు రాసేసుకున్నామండి. మీ వైపు పని అయిపోయినట్టే కదండీ? కుట్టడమంటారా, అది మా పూచీ అండి.”

పొద్దున నా వాదనే, నాలుగు ‘అండీ’లు ఎక్కువేసి నాకే అప్పజెప్పాడు మహానుభావుడు.

ఇంటికొచ్చి కోడులో ‘అయిపోయింది’ తీసేసి ‘అందింది’ అని పెట్టాను. రేపటికి పాత జాకెట్టే గతి.

మీ టైలరు ‘అయిపోయిందండి’ అంటే ఎందాకా అయినట్టు? కామెంట్లలో చెప్పండి. మా మేనేజరు గారికి మాత్రం చేరవేయకండి.