కొత్త పెట్టెలో పట్టని తీగ

మా ఇంటి కరెంటు మీటరు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. అది మామూలు మీటరు కాదు, వానాకాలంలో ముట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమనేది. అలాంటి దాని మీద చెయ్యి పెట్టి ఎవరూ అబద్ధమాడరు.

కొత్తపేటలో మాది తాతలనాటి పెంకుటిల్లు. చుట్టూ ఉన్న జొన్నచేలు ప్లాట్లయిపోయి, ఒక్కొక్కటిగా గోడలు లేస్తున్న రోజులవి. ఇళ్లు ముందొచ్చేవి, మీటర్లు ఎప్పుడో వచ్చేవి. అందాకా పక్కవాళ్ల బోర్డు నుంచి ఒక తీగ లాక్కోవడం అక్కడి అలవాటు. అడిగితే ఎవరూ కాదనేవాళ్లు కాదు, చెంబెడు నీళ్లు ఇచ్చినట్టే ఇచ్చేవాళ్లు. మా బోర్డు నుంచి గోడ మీదుగా వెనకింటికి అలాంటి తీగే ఒకటి వెళ్లేది.

వెనకింట్లో నల్గొండ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు కుటుంబం. అతను నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. ఇంట్లో ఉండేది అతని భార్య, తండ్రి. ముసలాయనకు దమ్ము. ఎండాకాలం మొహానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను తిరిగితేనే ఊపిరాడేది. ఆ ఫ్యాను మా తీగ మీదే తిరిగేది.

సాయంత్రాలు ఆయన గోడకు అటు మంచం వేసుకునేవాడు. నేను ఇటు కూర్చుని కథలు చెప్పేవాణ్ణి.

"నాదర్‌గుల్‌ల ట్రైనింగు ఇమానం గాల్ల మోటరాగి సక్కగ చెర్వుల దిగింది తాతా. పక్కనే బర్రె పండుకోనుంది, కదల్లేదు మెదల్లేదు."

"అబద్దం," అనేవాడు వెంటనే. "తోకన్న ఆడిస్తది."

కాలనీ మొత్తం నోరు తెరుచుకుని వినే నా మాటలను మొహం మీదే అబద్ధమన్నది ఆయనొక్కడు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం, అయినా అనడం మానలేదు. ఒకసారి నలుగురి ముందు, "గీ పటేల్ మాటకు దూడను గూడ కట్టెయ్యొద్దు. గుంజ లేదు దానికి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం గుచ్చుకుంది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం మా చెక్క బోర్డు నుంచి పొగ లేచింది. బోరు మోటార్లు బాగుచేసే మిస్త్రిని పిలిచాను. అతను మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజు లాగి చూసి, నా వైపు తిరిగాడు.

"ఏంది పటేలా గిది? సైకిల్ చక్రం పుల్లనా?"

"మాటిమాటికి ఫ్యూజు పోతుంటే నేనే పెట్టిన."

"నయం, గడ్డపార దొర్కలే నీకు."

"దొర్కలేదని ఎవరన్నరు? పట్టలే," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

బోర్డు ఊడదీస్తే వెనక గోడ మీద సరిగ్గా అంతే కొలతలో మసి. చెక్క సందులో మూడు బల్లులు అప్పడాల్లా ఎండిపోయి ఉన్నాయి. దాని స్థానంలో ఇనుప పెట్టె బిగించాడు. అందులో బరువు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే కొత్త రకం స్విచ్చులు. అంతా అయ్యాక వెనకింటి తీగ ఒక్కటి గోడ మీద వేలాడుతూ మిగిలింది.

"బయటి తీగ గిందుల పట్టది పటేలా. ఇస్తే స్విచ్చు నిలువది," అన్నాడు మిస్త్రి.

కాసేపటికి ఆ ఇంటామె తడి చేతులతో వచ్చింది. "అన్నా, ఫ్యాను ఆగింది. మామకు ఊపిరాడుతలేదు. జర జూడవా?"

"కొత్త పెట్టెల పట్టదట చెల్లె. మిస్త్రి చెప్పిండు."

ఆమె తీగ కొసను చూసింది, పెట్టెను చూసింది. "పోనీ అన్నా. నువ్వేం జేస్తవ్," అని వెళ్లిపోయింది.

రెండు రోజులు గోడకు అవతల విసనకర్ర చప్పుడు. అది ఆగినప్పుడల్లా దగ్గు వినిపించేది. మూడోరోజు పొద్దున దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో వచ్చింది. నేనే చంకల కింద చేతులు వేసి ఎక్కించాను. ఎండిన మొక్కజొన్న కట్టంత బరువున్నాడు.

"ఏం గాదు తాతా. రెండు దినాలల్ల లేచి కూసుంటవ్," అన్నాను.

నా కళ్లలోకి చూశాడు. అబద్ధమని అనలేదు.

ఆయన మళ్లీ ఆ మంచం మీదికి రాలేదు. వయసన్నారు, ఎండలన్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. దినాలయ్యాక డ్రైవరు ఆ తీగను శుభ్రంగా చుట్ట చుట్టి తెచ్చి, "మీ తీగ పటేలా. ఇన్ని దినాలు ఇచ్చిండ్రు, అదే శాన," అని నా చేతికిచ్చాడు.

ఇప్పుడు చెప్పక తప్పదు. సైకిల్ పుల్ల నిజం. బల్లులు నిజం, కావాలంటే మా ఆవిడను అడగండి. నేను కల్పించింది ఒక్క మిస్త్రి మాట. అతను పెట్టెలో చివరి స్విచ్చు ఖాళీగా ఉంచి, "గిది వెనకింటోళ్లకు. కలపాల్నా?" అనే అడిగాడు.

"ఇప్పుడొద్దు. రెండు దినాలు ఉడకనీ ముసలోన్ని," అన్నాను.

ఆయన గోడకు అటు ఉండి ఇదంతా వింటూ ఉంటే, తీగ పట్టదన్న చోటే నన్ను ఆపేసి ఉండేవాడు.