చిన్నాన్న కోసేసిన కారు టాపు

మా చిన్నప్పుడు... ఓ ఆదివారం పొద్దున్నే మా చిన్నాన్న రంపం పట్టుకుని నిక్షేపంలాంటి కారు టాపుని కోసేశాడు. అటువైపు నుంచి ఆయన, ఇటువైపు నుంచి ఆయన స్నేహితుడు మెకానిక్ అప్పలరాజు. అన్నాల వేళకి టాపు ఊడొచ్చింది. ఇద్దరూ మోసుకెళ్లి పెరట్లో పడేశారు. దాని మీద వడియాలు పెట్టుకోవచ్చా అని అడిగింది నాయనమ్మ...

ఇది డెబ్బైల చివరి మాట. చిన్నాన్న విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఓ రోజు ఓడలోంచి ఎర్రటి రెండు సీట్ల కారు దింపాడట. ఎవరో విదేశీ ఇంజనీరుది. పొడుగాటి ముక్కు, నేలకి జానెడెత్తు, టాపు లేదు. "ఎన్ని టన్నులు దింపినా వణకని సెయ్యి దీనికి వణికినాది బావా" అని అప్పలరాజుకి నెల్లాళ్లు చెప్పాడు. అలా ఆయనకి స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టింది. ఆయన్నుంచి తొమ్మిదేళ్ల నాకు అంటుకుంది... ఇప్పటికీ వదల్లేదు.

అలాంటిది కొనే తాహతు మాకెక్కడిది? అందుకని ఓ పాత నాలుగు తలుపుల కారు తెచ్చి, దాన్నే స్పోర్ట్స్ కారు చేద్దామనుకున్నారు. కంపెనీ పేరు చెప్పను, పాపం దాని తప్పేం లేదు.

ఎర్ర రంగు వేశాక మాత్రం భలే ఉండేది! కారు అందమంతా పక్కనుంచి చూస్తే కనిపించే ఆ ఒక్క గీతలోనే ఉంటుందని నా అభిప్రాయం. మిగతావన్నీ పైన పెట్టిన నగలు. టాపు పోయాక మా కారుకి ఆ గీత వచ్చింది. చిన్నాన్న, అప్పలరాజు, మా నాన్న, నేను ఎక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చాం. తీరా దిగుదామంటే ఒక్క తలుపూ రాదు!

టాపు లేకపోయేసరికి బండి నడుం కిందికి దిగి, తలుపులు బిగుసుకుపోయాయి. మనుషులు దిగితేగానీ తలుపు రాదు... తలుపు వస్తేగానీ మనుషులు దిగలేరు. ఆ పూటకి పైనుంచే దూకాం.

"టాపంటే వానకనుకున్నాను గానీ, బండిని మోసేది కూడా అదేనేటి బావా?" అన్నాడు అప్పలరాజు తల గోక్కుంటూ.

"నన్నడుగుతావేటి? మెకానిక్కువి నువ్వు కదా!" అన్నాడు చిన్నాన్న.

చివరికి కింద ఇనప కమ్మీలు వేసి, తలుపులన్నీ వెల్డింగ్ చేసేశారు. ఇక ఎక్కినా దిగినా గోడ దూకినట్టు దూకాల్సిందే. నాయనమ్మ కోసం ఓ ముక్కాలిపీట ఎప్పుడూ బండిలో ఉండేది.

ఆ కారులోనే తగరపువలసకి పెళ్లిచూపులకి వెళ్లాం. పిల్ల పేరు నూకరత్నం. చిన్నాన్న ఆమెని అంతకుముందే ఓ పెళ్లిలో చూశాడు. అప్పట్నుంచి ఇంకో సంబంధం మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఇది కుదరకపోతే ఏమైపోతాడో అని ఇంట్లో అందరికీ బెంగే.

పీట వేసి నాయనమ్మని, ఆవిడ మజ్జిగ మరచెంబుని దింపేసరికి సగం వీధి అక్కడే ఉంది. పిల్ల తండ్రి కారు చుట్టూ ఓసారి తిరిగాడు.

"తలుపులు రావేటి?"

"స్పోర్ట్స్ కారండి" అన్నాడు చిన్నాన్న.

"మరి టాపేటయినాది?"

"కోసీసినామండి."

ఆయన మా నాన్న వైపు తిరిగాడు. "ఉన్న కప్పు కోసీసుకున్నోడికి పిల్లనిచ్చి, దాన్ని ఏ కప్పు కింద ఉండమంతారు బాబూ?"

వీధంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. చిన్నాన్న తలెత్తలేదు. కాఫీలిచ్చారు, కబురు చేస్తామన్నారు. ఆ మాటకి అర్థం నాకు కూడా తెలుసు.

మేం కారు దగ్గరికి నడుస్తుంటే నూకరత్నం గుమ్మంలోకి వచ్చి, సూటిగా చిన్నాన్ననే అడిగింది. "ఏటికి కోసినారు?"

"అందంగా ఉంటాదని కోసినానండి. బండిని మోసేది టాపేనని కోసినాక తెలిసినాది" అన్నాడు. "తప్పు సేసినాను."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. మేమింకా నాయనమ్మని ఎక్కిస్తూనే ఉన్నాం... వాళ్ల నాన్న బయటికొచ్చాడు.

"మా పిల్ల ఒప్పుకున్నాదండి. తప్పు సేసినానని ఓ మగోడి నోట ఇనడం ఇదే మొదలంట" అని, కొంచెం గొంతు తగ్గించి, "నన్ను కూడా కలిపే అన్నాది" అన్నాడు.

అలా ఆమె మాకు పిన్ని అయింది.

ఆ బండి ఏడెనిమిదేళ్లు తిరిగింది. గట్టిగా తోలితే నడుం విరుగుతుందేమోనని చిన్నాన్న సైకిలు కంటే కాస్త ముందుండేలా నడిపేవాడు. హారన్ అవసరమే రాలేదు. టాపు లేని కారులో తెలిసినవాళ్లని చూడనట్టు వెళ్లిపోవడం కుదరదు కదా... పదడుగులకోసారి ఆగి పలకరింపులు. పూర్ణా మార్కెట్ నుంచి ఇంటికి రావడానికి గంట పట్టేది. నేను తర్వాత ఎన్నో పెద్ద పెద్ద కార్లు నడిపాను, అంత హాయి దేంట్లోనూ లేదు. వెనక నుంచి లైట్లు కొడుతూ మీదికొచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంత తొందరపడి చేరుకునేది ఎక్కడికట?

మొన్న కొత్త కారు కొందామని పిన్నిని వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లాను. అద్దాల టాపు, మీట నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడి కుర్రాడు అరగంటసేపు దాని గొప్పలు చెప్పాడు. పిన్ని అంతా ఓపిగ్గా విని, "ఇందులో తప్పేటుంది బాబూ?" అని అడిగింది.

"ఒక్క తప్పు కూడా లేదు మేడమ్!"

పిన్ని నా చెయ్యి పట్టుకుని లేచింది. "పదమ్మా... తప్పే లేదన్నోడితో ఏటి కాపరం?"

ఈ రోజుల్లో ఏ టాపైనా మీట నొక్కగానే తెరుచుకుంటోంది గానీ, "తప్పు చేశాను" అనడానికి మాత్రం ఎవరికీ నోరు తెరుచుకోవడం లేదు... ఆ మాట అనగలిగిన మగవాళ్లు మీ ఇళ్లల్లో ఎవరైనా ఉండేవారా? ఉంటే వాళ్ల సంగతి కింద రాయండి. పిన్నికి చదివి వినిపిస్తాను.