సామికి తగిలిన దెబ్బ

జమ్మలమడుగు పురోహితుడు అనంతరామయ్యకు ఒక్కగానొక్క కొడుకు గురురాజారావు. తాలూకా కచేరీలో గుమాస్తా. పప్పూ చారూ తిని పెరిగిన ఒళ్లు. అలాంటివాడికి బాక్సింగు పిచ్చి పట్టిందంటే ఊరంతా నోరెళ్లబెట్టింది. ఆ పిచ్చి పట్టించినవాడు ప్రొద్దుటూరు అబ్దుల్ సలాం. పటాలంలో ఆ విద్య నేర్చుకుని వచ్చి, పత్తి మిల్లు వెనక కుర్రాళ్లకు నేర్పేవాడు. గురురాజారావు ప్రతి ఆదివారం మొదటి బస్సుకే అక్కడికి పోయేవాడు. తోలు గ్లౌజులు ముట్టుకున్నాడని, సాయంత్రం బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకుంటేగానీ తల్లి జానకమ్మ అతన్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

ఓపిగ్గా పోసుకునేవాడు పాపం. జిల్లా పోటీల్లో వరసగా రెండేళ్లు గెలిచాడు. ముక్కు చెదరలేదు, పెదవి చిట్లలేదు. తనంతటివాడు లేడని లోలోపల మురిసిపోయాడు. మురవనివ్వండి, ఆ వయసుకు ఆ మాత్రం ఉండాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు రాయలసీమ జిల్లాల ఆటల పోటీలు ప్రొద్దుటూరులో జరిగాయి. కబడ్డీ, పరుగులు ఒక పక్క, తాళ్లు కట్టిన బాక్సింగు బరి ఒక పక్క. ఫైనల్లో గురురాజారావుకు ఎదురు నిలిచినవాడు పులివెందుల వీరాంజనేయులు. శనక్కాయ చేలల్లో ఎద్దులతో సమానంగా పెరిగిన మనిషి. పొద్దున సెమీఫైనల్లో కర్నూలు వాణ్ణి ఒక్క గుద్దుతో పడుకోబెట్టాడు.

ఆ చెయ్యే మొదటి రౌండులో గురురాజారావు మీదికి వచ్చేసరికి ఈగను తోలినట్టు తోలింది. అతనికి అనుమానం వచ్చింది. ఇద్దరూ పెనవేసుకున్నప్పుడు చెవిలో అడిగాడు.

"ఏందప్పా, కొట్టవేంది?"

"యెట్ల కొట్టేది సామీ? మా చెల్లెలి పెండ్లి చేయించింది మీ నాయనే. బాపనయ్య నెత్తురు కండ్లజూస్తే మా వంశం నిలుస్తాదా? మీరే గెలవండి. పోయినేడు మావోళ్లు గూడా అట్లనే గదా పోనిచ్చింది!"

గంట మోగింది. గురురాజారావు తన మూలకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తాను గెలిచింది ఎవరినీ కాదు. వాళ్లంతా తన తండ్రికి దండం పెట్టి పోయారు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నాకు బాక్సింగు వచ్చునా, రాదా మాస్టారూ?"

"నాకేం తెల్సు బేటా?" అన్నాడు సలాం, నిజం దాచకుండా. "నిన్ను ఎవురన్నా కొడితే గదా తెలిసేది."

గురురాజారావు దిగ్గున లేచాడు. సలాం చేతిలోని నీళ్లు గ్లౌజు మీద పోయించుకుని, బరి దాటి ఎదుటి మూలకు నడిచాడు. చిన్నప్పటినుంచీ తండ్రి నోట విన్న మంత్రం గుక్కతిప్పుకోకుండా చదివి, వీరాంజనేయులు నెత్తిన ఆ నీళ్లు చిలకరించాడు. తోలు గ్లౌజుతో మంత్రజలం చల్లమని ఏ శాస్త్రం చెప్పిందో అతనికే తెలియాలి.

"ఏందయ్యా ఇది? బాక్సింగా, పెండ్లా?" అని రెఫరీ అరుస్తున్నాడు.

"పాపమంతా నాది, నీకంటదు. పురోహితుని కొడుకును, నేను జెప్తాండా. ఇంక నువ్వు కొట్టకపోతేనే పాపం" అన్నాడు గురురాజారావు.

రెండో రౌండు మొదలైంది. వీరాంజనేయులు ఒకసారి ఆకాశంవైపు చూసి, కళ్లు గట్టిగా మూసుకుని కొట్టాడు. గురురాజారావు వెల్లకిలా పడ్డాడు. రెఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచి నిలబడ్డాడు. మళ్లీ దెబ్బలు తిన్నాడు. తానూ కొట్టాడు, రెండు మూడు గట్టిగానే తగిలాయి. మూడో రౌండు ముగిసేదాకా నిలిచాడు కానీ పాయింట్ల మీద ఓడిపోయాడు.

ముక్కునుంచి రక్తం గడ్డం మీదికి కారుతోంది. వీరాంజనేయులు పరుగున వచ్చి, తన తువ్వాలుతో అతని మొహం తుడిచాడు.

"శానా తగిలిందా సామీ?" అని అడిగాడు.

"తగిలిందప్పా. మా నాయనకు గాదు, నాకే తగిలింది" అని గురురాజారావు అతని భుజం మీద తల ఆనించి భోరున ఏడ్చాడు.