పన్నెండో అంతస్తు మహారాజు

ఆఫీసులో అతన్ని అందరూ సూట్‌కేసు అనేవారు. అచ్చు యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. ఇరవయ్యేళ్ళుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతూ, నగరానికి వెళ్ళినప్పుడల్లా కంపెనీ తరఫున ఒకే పాత హోటల్లో దిగేవాడు. అన్నిసార్లు దిగినందుకు వాళ్ళొక కార్డు ఇచ్చారు. అది చూపిస్తే పన్నెండో అంతస్తులోని ఎగ్జిక్యూటివ్ లాంజ్‌లో సాయంత్రం టీ, టిఫినూ ఉచితం.

ఆ లాంజ్ పేరెత్తితే భార్యకు కడుపుమంట. పిల్ల జ్వరంతో మూలుగుతున్నా, పైపు పగిలి ఇల్లు చెరువైనా ఒక్కతే అవస్థపడేది. "మీకేం, మహారాజులు! పన్నెండో అంతస్తులో కాలుమీద కాలేసుకుని కూర్చుంటారు" అని ఫోన్లో దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

పిల్ల పెళ్ళయి వెళ్ళిన రెండేళ్ళకు ఆమెకు గొంతులో పుండు లేచింది. పరీక్షలు చేస్తే కేన్సరని తేలింది. నగరంలోని పెద్దాసుపత్రిలో ఐదు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు. హోటల్ అక్కడికి రెండు వీధుల దూరం. కార్డులో ఇన్నేళ్ళుగా పోగైన పాయింట్లన్నీ ఊడ్చి అతను గది తీసుకున్నాడు.

లోపలికి అడుగుపెట్టి ఆమె నిలబడిపోయింది. తివాచీ అరిగి దారాలు తేలింది. స్నానాల తొట్టె పసుపెక్కింది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, దానిమీద ఏసీ నీళ్ళ చారలు.

"ఇదేనా?"

"ఇదే."

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా!" అంటూ నవ్వబోయి, గొంతు నొప్పితో ఆగిపోయింది.

మర్నాడు సాయంత్రం లాంజ్‌కి తీసుకెళ్ళాడు. నడివయసు పరిచారిక ఎదురొచ్చి, "రండి సార్, మీ చోటు ఖాళీగానే ఉంది" అంది. స్తంభం వెనక, గోడకేసి ఉన్న కుర్చీలు.

అతను టీ కోసం లేచినప్పుడు భార్య పరిచారికను దగ్గరికి పిలిచింది. "ఎప్పుడూ ఇక్కడేనా? ఎవరితో కూర్చుంటారు?"

"ఎవరితోనమ్మా! పదేళ్ళ నుంచీ చూస్తున్నా. ప్లేటు ముందు పెట్టుకుని ఫోనువంక చూస్తుంటారు. ఎవరి కోసం సార్ అని ఒకసారి అడిగితే, 'మా ఆవిడకి పని తెమిలే వేళ ఇంకా కాలేదు' అన్నారు."

గదికి వచ్చాక ఆమె మంచం అంచున కూర్చుంది.

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా."

"ఏమని? నువ్వక్కడ గొడ్డుచాకిరీ చేస్తుంటే, ఇక్కడ నాకు తోచట్లేదని చెప్పనా?"

"చెప్తే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం. నేనొక్కదాన్నే ఏడ్చాననుకున్నా."

నాలుగో వారానికి ఆమె లాంజ్‌దాకా నడవలేకపోయింది. అక్కడి తిండి బయటికి తేకూడదని తెలిసీ, పరిచారిక పల్చని సూప్ గ్లాసులో పోసుకుని గదికి తెచ్చేది. మేనేజరు పదిమందిలో ఆమెను కడిగేశాడు. మర్నాడూ తెచ్చింది. రెండు చెంచాలు దిగితే అదే పదివేలు.

ఐదో వారం, ఒక మధ్యాహ్నం, ఆసుపత్రి వరండాలో తమ వంతు కోసం కూర్చుని ఉండగా ఆమె అతని భుజంమీద తల వాల్చింది. నిద్రనుకుని కదలకుండా కూర్చున్నాడు. నర్సు రెండుసార్లు పేరు పిలిచింది. ఆమె లేవలేదు.

ఆమెను ఊరికి చేర్చే ఆసుపత్రి బండిని కింద ఆపించి, సామాను కోసం హోటల్‌కి వచ్చాడు. "ఇంకా నాలుగు రోజులున్నాయి సార్, వాడుకోవచ్చు" అన్నాడు రిసెప్షన్లోని మనిషి, సంగతి తెలియక. అతను పైకి వెళ్ళి, ఆమె బట్టలు మడతపెట్టడం చేతకాక సంచిలో కుక్కసాగాడు. గ్లాసుతో వచ్చిన పరిచారిక గుమ్మంలోంచే అంతా గ్రహించింది. గ్లాసు పక్కన పెట్టి, సంచి అందుకుని, బట్టలన్నీ తీసి ఒక్కొక్కటే మడిచింది.

"మూడింటి నుంచే మీ కోసం తలుపువంక చూసేదమ్మా," అన్నాడతను.

కింద ఆసుపత్రి బండివాడు హారన్ కొట్టాడు.