లెక్క కుదిరాక చెబుదామనుకున్న వెంకట్రామ్

మద్రాసు సౌకార్‌పేటలో పెళ్ళి జరిగితే చదివింపులు రాయడానికి వెంకట్రామ్‌నే కూర్చోబెట్టేవాళ్ళం. ఒకసారి రాసినదానికీ సంచిలో ఉన్నదానికీ పది రూపాయలు తేడా వచ్చింది. పెళ్ళివాళ్ళు ఇక చాలు, లెమ్మన్నారు. మండపంవాళ్ళు కుర్చీలు మడిచేస్తున్నారు. అతను కదల్లేదు, తేడా ఉందని నోరు తెరిచి అననూ లేదు. పెదవులు మాత్రం ఆడిస్తూ మొదటి పేరు నుంచి మళ్ళీ కూడాడు. చివరికి ఆ నోటు తాంబూలం పళ్ళెంలో ఒక తమలపాకుకు అంటుకొని కనిపించింది. అప్పుడుగానీ భోజనానికి లేవలేదు. అప్పటికి సాంబారు కూడా అయిపోయింది. మజ్జిగన్నం తిని, చాలా తృప్తిగా ఇంటికి వెళ్ళాడు.

గుమాస్తాల ఇళ్ళలో అదొక పద్ధతి. లెక్క పొసగకపోతే ముందు నోరు మూసుకోవాలి. తొందరపడి అరిస్తే షాపులో ఉన్న ప్రతివాడూ దొంగ అయిపోతాడు. తీరా తప్పు నీ కూడికలోనే ఉందని తేలితే మర్నాటి నుంచి నీకు పని ఉండదు. తండ్రి నేర్పిన ఈ పద్ధతిని పట్టుకునే వెంకట్రామ్ ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపులో తల నెరిసేదాకా లెక్కలు రాశాడు. ఆ షాపు పెద్దాయన పోయాక కొడుకులు ఒక కంప్యూటరూ, అది తెలిసిన ఒక అమ్మాయినీ తెచ్చుకున్నారు. వెంకట్రామ్‌కు శాలువా కప్పి, ఫోటో తీసి, పంపించారు.

యాభై దగ్గరపడుతున్న వయసులో అతను దుబాయి వెళ్ళాడు. అక్కడ పాత్రల వ్యాపారం చేసే ఒక మనవాడికి కాగితం మీద లెక్క చూసుకుంటేగానీ నిద్రపట్టదట. ఉండే గదిలో పైమంచం ఎక్కడానికి వెంకట్రామ్ మోకాళ్ళు ఒప్పుకోలేదు. కిందిమంచం కుర్రవాణ్ణి బతిమాలుకొని సర్దుకున్నాడు. ఇవన్నీ ఎందుకు భరించాడంటే ఒక సగం షాపు కోసం. వాళ్ళ ఇంటి వెనకసందులో ధర్మలింగం గారి కట్టడంలో ఒక షట్టరు గదికి మధ్యలో చెక్క అడ్డు పెట్టి రెండు షాపులు చేశారు. అందులో ఎడమ సగం ఖాళీగా ఉంది. శుభకార్యాలు పెట్టుకోని ఆడి నెల పోనిచ్చి, ఆ తరవాతి ఆవణి నెలలో మంచిరోజు చూసి అడ్వాన్సు ఇమ్మనీ, అందాకా ఇంకెవరికీ ఇవ్వననీ ధర్మలింగం గారు మాట ఇచ్చాడు. ఒకరి దగ్గర లెక్కలు రాసిన మనిషి, తన లెక్క తాను రాసుకోవాలనుకున్నాడు. అంతే.

జీతం మద్రాసు బ్యాంకు ఖాతాకే పంపుకునేవాడు. విదేశంలో కూడా పనిచేసే ఆ ఖాతా కార్డు అతని దగ్గరుండేది. ఖాతాకు ముడిపడిన ఫోను నంబరు మాత్రం రోమింగు ఖర్చని ఇంట్లోనే, భార్య సీతాలక్ష్మి దగ్గర వదిలి వెళ్ళాడు. అక్కడే వచ్చింది తంటా.

ఆడి నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఆమె మునక్కాయలు తరుగుతుండగా ఆ ఫోనుకు వరసగా మూడు మెసేజీలు వచ్చాయి. ఇంగ్లీషు కూడబలుక్కొని చదవగలదు. ఏదో దేశం డబ్బులో పెద్దమొత్తం, చివర ఒక నగల అంగడి పేరు. ఆవణిలో వాళ్ళ పెళ్ళికి పాతికేళ్ళు నిండుతాయి. ఇన్నేళ్ళలో ఆయన ఆమె అడక్కుండా ఒక్క పిన్నీసు కొన్న పాపాన పోలేదు. ముందు ఆమెకు కోపం వచ్చింది, షాపు అడ్వాన్సు ఉండగా ఇప్పుడెందుకీ దుబారా అని. పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి కోపం పోయింది. ఆయన చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపరచాలనుకుంటుంటే మధ్యలో తానెందుకు చెడగొట్టడం? మైలాపూరులో ఉన్న చెల్లెలికి మాత్రం చెప్పి, ఎవరితోనూ అనొద్దంది. ఒక పట్టు జాకెట్టు కుట్టడానికి కూడా ఇచ్చింది. నగలో రాళ్ళు ఏ రంగువో తెలియదు గనుక గంధం రంగు ఎంచుకుంది, దేనికైనా నప్పుతుందని.

నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు దుబాయిలో అతని ఈమెయిలుకు వచ్చింది. తాను కొనని సరుకులకు మూడు పద్దులు. సగం షాపు ఆ మూడు పద్దుల్లో పోయింది. ఇంకెవరైనా అయితే ఆ నిమిషమే బ్యాంకుకు ఫోను చేసి గగ్గోలు పెట్టేవారు. వెంకట్రామ్ పెన్సిలు తీసుకొని కూర్చున్నాడు. తాను కొన్న చెప్పులు, పంపిన డబ్బు, మందుల చీటీలు అన్నీ మంచం మీద పరిచి మళ్ళీ మళ్ళీ కూడాడు. ఎక్కడో తానే తప్పు చేసి ఉంటాడు. తమలపాకు కింద నోటులాగా ఎక్కడో దొరుకుతుంది. యజమానితో అనడానికి కూడా భయమే. తన సొమ్ము కాపాడుకోలేనివాడి చేతికి గల్లా తాళం ఎవరిస్తారు? అలా వారం దాటిపోయింది. చివరికి మిగిలిన అనుమానం ఒక్కటే. అది అడగడానికి మనసొప్పక ఇంకో రెండు రోజులు ఆగి, ఆదివారం ఫోను చేశాడు.

"సీతా, ఆ కార్డు నంబరు పెట్టి నువ్వేమన్నా కొన్నావా?"

"నేనేంది కొనేది? కొనింది మీరు కదా. మెసేజీలు ఈడికే వచ్చినాయి."

"ఏం మెసేజీలు?"

"ఊరికే నటించబాకండి. నగల అంగడి పేరు కూడా ఉండాది. నేనెవరికీ చెప్పలేదులెండి."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. సిగ్గుపడుతున్నాడనుకుంది ఆమె.

"నేనేం కొనలేదే," అన్నాడు.

ఆ తరవాత ఇద్దరూ ఫోను పెట్టెయ్యడం కూడా మరిచిపోయారు.

కార్డు ఆపించడానికే ఒక పూట పట్టింది. అతను అక్కణ్ణుంచి బ్యాంకుకు ఫోను చేస్తే ఇంట్లో ఉన్న నంబరుకు ఒక ఓటీపీ వచ్చేది. దాన్ని సీతాలక్ష్మి ఇంకో ఫోనులో అతనికి చదివి చెప్పేలోగా గడువు అయిపోయేది. మూడోసారికి ఆమె అంకెలు తడబడింది. అతను జీవితంలో మొదటిసారి ఆమెను కసిరాడు. నాలుగోసారికి కుదిరింది. అప్పుడు చెప్పారు బ్యాంకువాళ్ళు, ఎవరో దొంగ మీ కార్డు నంబరు వాడాడు, మీ తప్పేమీ లేదు, మెసేజీ వచ్చిన మూడు పనిదినాల్లో చెప్పి ఉంటే పూర్తిగా తిరిగి వచ్చేది అని. ఇప్పుడు ఏమవుతుందో తెలియదు, పోలీసు ఫిర్యాదు పెట్టి, సంతకం చేసిన దరఖాస్తు శాఖలో ఇవ్వమన్నారు.

వెంకట్రామ్ ఒకటే వేడుకున్నాడు, మన పేటలోని శాఖకు మాత్రం వెళ్ళొద్దని. అక్కడ టోకెను పట్టుకొని కూర్చునేవాళ్ళందరూ అతని చేత చదివింపులు రాయించుకున్నవాళ్ళే. సరేనని ఆమె పోలీసులకు ఫిర్యాదు పెట్టి, ఎండలో మైలాపూరు శాఖకు వెళ్ళింది. ఖాతా ఎక్కడ తెరిచారో అక్కడే ఇవ్వాలని వాళ్ళు మర్యాదగా తిప్పి పంపారు. ఇక తప్పలేదు.

మా పేట శాఖలో ఆఫీసరు షాలిని మంచి పిల్ల. కుర్చీ వేయించి, తమిళంలో మెల్లగా అడిగింది, మెసేజీలు వచ్చిన రోజే ఎందుకు చెప్పలేదమ్మా అని. సీతాలక్ష్మి ఏదో గొణిగింది. మధ్యలో అద్దం. ఇంకొంచెం గట్టిగా చెప్పమంది షాలిని.

"మా ఆయన నాకు నగ కొన్నాడనుకుంటినమ్మా."

వెనక మా వీధి సగం కూర్చొని ఉంది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమె కూడా నవ్వేసి బయటపడేది. అందరూ ఎవరి టోకెను వాళ్ళు చూసుకున్నారు.

షాలిని ఆ మాట రాయకుండా, ఖాతాదారుడు విదేశంలో ఉన్నందువల్ల ఆలస్యమైందని మాత్రం రాసింది. అయినా ఫలితం లేకపోయింది. సమాచారం మీ నంబరుకు చేరింది, మీరే ఊరుకున్నారు, బాధ్యత మీదే అని జవాబు వచ్చింది. పైఆఫీసుకు రాస్తే అదే జవాబు ఇంకొంచెం పొడుగ్గా వచ్చింది. పోలీసులు ఇచ్చిన ఫిర్యాదు నంబరు ఒకటి మిగిలింది.

ఈలోగా ఆవణి వచ్చింది. ధర్మలింగం గారు తానే వాళ్ళింటికి వచ్చాడు. విషయం తెలియనట్టు కాసేపు వానల సంగతి మాట్లాడాడు.

"రెండు మూడు నెలలంటే ఆగుతానమ్మా," అన్నాడు చివరికి.

"ఇంకో రెండేళ్ళు దుబాయిలోనే చేస్తానని ఆయన సంతకం పెట్టినాడన్నా. ఎవురికన్నా ఇచ్చేయండి."

ఆయన కాఫీ మొత్తం తాగి, లోటా తానే కడిగిపెట్టి వెళ్ళాడు. ఆ ఇంట్లో ఆయన ఎన్నడూ చేయని పని అది.

సగం షాపును ఫోను కవర్లు అమ్మే ఒక జంట తీసుకుంది. పొరుగువాళ్ళం గనుక షాపు తెరిచే రోజు మమ్మల్నందరినీ పిలిచారు. సీతాలక్ష్మి కూడా వెళ్ళి, లడ్డు తిని, బాగుందని చెప్పి వచ్చింది. ఆ రోజు వెంకట్రామ్ ఫోనులో జనం వచ్చారా అని అడిగాడు. బాగానే వచ్చారంది.

"గల్లా ఏ పక్క పెట్టినారు?"

"లోపలికి పొయ్యేటప్పుడు కుడిపక్క."

"ఆ పక్క దూలం కిందికుండాది సీతా. లేచినప్పుడల్లా తల కొట్టుకుంటది. ఎడమపక్క పెట్టాల."

వాళ్ళతో చెప్పనా అని ఆమె అడిగింది. చెప్పమన్నాడు.

మర్నాడు వెళ్ళి చెప్పింది. వాళ్ళు ఆమె ఎదుటే గల్లాను ఎడమపక్కకు జరుపుకున్నారు.