తమ్ముడి గ్లాసుతో తాగిన నీళ్ళు

మొన్న విజయనగరంలో మా అమ్మాయి ఇంట్లో మూడేళ్ళ మనవడు నిద్ర లేస్తూనే దగ్గాడు. చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి నిలబడిపోయాను, ఎందుకంటే అది మామూలు దగ్గు కాదు, అచ్చం కుక్క మొరిగినట్టుంది, అలాంటి దగ్గు నేను విని అరవై ఏళ్ళయింది. పిల్లల డాక్టరు దాన్ని క్రూప్ అంటారని, గొంతులో ఊపిరి పోయే దారి వాచి ఆ చప్పుడు వస్తుందని చెప్పి మందు వేసి, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఊపిరి తీస్తుంటే చప్పుడైనా, డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా వెంటనే తీసుకురమ్మన్నారు. ఇది అంటుకుంటుందా బాబూ అని నేనడిగితే ఆయన చెప్పిన జవాబుకు నాకు ఆసుపత్రిలోనే నవ్వాగలేదు. అదేమిటో చెప్పాలంటే ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. నాన్న కొత్తవలసలో రైల్వే పని చేసేవారు, అమ్మ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆ ఏడు క్రిస్మస్‌కు అందరి ముందూ ఒక్కదాన్నే పాట పాడే అవకాశం నాకొచ్చింది, తొమ్మిదేళ్ళ నాకు లోకంలో అంతకంటే గొప్ప విషయం లేదు. సరిగ్గా అప్పుడే మూడేళ్ళ తమ్ముడికి ఈ దగ్గు పట్టుకుంది. మా మామ్మ, "ఏటమ్మా, ఈ గుంటడు కుక్కలాగ దగ్గుతన్నాడు? దాంతో ఆడొద్దంటే ఇన్నాడా?" అని తేల్చేసి, ఏ పాపమూ ఎరగని మా కుక్కను పెరట్లో కట్టేయించింది.

మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మందిచ్చి, పొద్దంతా వాణ్ణి కళ్ళెదుటే ఉంచుకుని చూసి, పంపేటప్పుడు ఒక్కటే గట్టిగా చెప్పింది, వీణ్ణి ఏడిపించకండి, ఏడిస్తే ఊపిరాడటం కష్టమవుతుందని. ఇక మా ఇల్లు వాడి రాజ్యమైపోయింది. బెల్లం ముక్క అడిగితే బెల్లం ముక్క, సవారీ అంటే సవారీ, సెలవు పెట్టి వచ్చిన నాన్న ఆ మూడు రోజులూ గుర్రమే. వాడు దగ్గగానే పెరట్లోంచి కుక్క జవాబిచ్చేది, దానికి వాడు పకపకా నవ్వేవాడు, అమ్మ కూడా నవ్వేది గానీ వాడి ఛాతీ మీద నుంచి చెయ్యి తీసేది కాదు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది, నా పాట సంగతి ఎవరికీ గుర్తే లేదు. మన ఈడు వాళ్ళకు తెలిసే ఉంటుంది, అప్పట్లో ఇంటిల్లిపాదికీ నీళ్ళ బిందె మీద ఒకటే గ్లాసు, జబ్బు చేసినవాళ్ళకు మాత్రం వేరేది. ఆ దగ్గేదో నాకూ వస్తే నన్నూ ఇలాగే చూసుకుంటారని, తమ్ముడు మిగిల్చిన నీళ్ళు వాడి గ్లాసుతోనే రెండు రోజులు దొంగతనంగా తాగాను. తాగి మొరుగు కోసం ఎదురుచూశాను. వచ్చింది ఉత్త జలుబు, దానితో గొంతు కాస్తా పోయింది. "ఒసే గుంటా, ఆడి గలాసుతో నీళ్ళు తాగినావేటి, సెప్పు!" అని మామ్మ నిలదీస్తే అబద్ధమాడటానికైనా గొంతు పెగల్లేదు.

క్రిస్మస్ నాటికి తమ్ముడు గంతులేస్తున్నాడు. అమ్మ వద్దంటున్నా వినకుండా వేదిక ఎక్కాను. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు, అందరూ నా వైపే చూస్తున్నారు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జబ్బు పడ్డ ఆ మూడు రోజులూ ఇంట్లో ఏడవకూడదన్న మాటే విని ఉన్నాడు కదా, తమ్ముడు అమ్మ ఒళ్ళోంచి జారి, పరుగెత్తుకొచ్చి, నా పరికిణీ పట్టుకుని, దగ్గు లేకపోయినా తెచ్చిపెట్టుకుని భౌభౌమన్నాడు. పాస్టరుగారితో సహా చర్చి అంతా నవ్వింది, నేనూ నవ్వేశాను. అమ్మ నా పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు, నేను పెదవులు కదిపాను. వాణ్ణి ఆ రోజు ప్రేమించినట్టు మళ్ళీ ఎవరినీ ప్రేమించలేదేమో.

మరుసటి వారం ఊళ్ళో సగం మంది ముక్కులు చీదుకున్నారు, ఒక్కరూ మొరగలేదు గనుక తమ్ముడి దగ్గు అంటేది కాదని మామ్మ తీర్పు చెప్పింది, ఇన్నేళ్ళూ నేనూ అదే నమ్మాను. డాక్టరు మొన్న చెప్పిందేమిటంటే, అంటుకునేది మొరుగు కాదట, దాని వెనకున్న జలుబట, పసివాళ్ళకు గొంతు దారి సన్నం కనుక మొరుగు వస్తుందట, కాస్త ఎదిగినవాళ్ళకు జలుబుతో సరిపోతుందట. ఎచ్చెర్లలో ఉంటున్న తమ్ముడికి వెంటనే ఫోను చేసి, "ఒరే, నీ దగ్గు నాకు అంటుకున్నాదిరా!" అన్నాను. అరవై దాటిన మనిషి, ఫోనులో భౌమన్నాడు.

ఇప్పుడు మనవడి గ్లాసుకు మూత ఉంది, దాని మీద పేరుంది, ఎవరూ ముట్టరు. అదే మంచిది, నేనే ముట్టనివ్వను. కానీ వాడు ఏడుపు మొహం పెడితే పరుగెత్తుకొచ్చి మొరిగేందుకు ఈ ఇంట్లో ఇంకో పిల్ల లేదు. అందుకని నేనే మొరుగుతున్నాను. అపార్ట్‌మెంటులో కుక్కను ఎవరు పెంచుతున్నారని పై అంతస్తువాళ్ళు వాచ్‌మన్‌ను అడిగారట.