నిద్రప్ప డబ్బాలో మా దూడ

ఆ రోజుల్లో ఆరోగ్యం మా బడికి ఏడాదికోసారి జీపులో వచ్చేది. పిల్లల నాలుకలు, కళ్లు, గోళ్లు చూసి, సాయంత్రానికి అదే జీపులో మదనపల్లెకు తిరిగి వెళ్లిపోయేది. మిగతా ఏడాదంతా మా జబ్బులకు చదువు చెప్పే ఐవారే వైద్యులు. కడుపునొప్పి అంటే ఇంటికి పంపేవారు, నిద్ర వస్తే గోడకుర్చీ వేయించేవారు. మా క్లాసులో ఒకడి కడుపులో దూడ పురుగు దొరికిందని నేను ఎన్నో ఏళ్లుగా పెళ్లిళ్లలో, టీకొట్ల దగ్గర కథ చెప్పి నవ్విస్తున్నాను. అందులో నేను మింగేసిన భాగాన్ని ఇన్నాళ్లకు ఇక్కడ కక్కేస్తున్నాను.

రామసముద్రం దగ్గర మా ఊళ్లో ఏడో తరగతి అది. నేను క్లాసు లీడరుని. నా పక్కన కూర్చునేవాడు నిద్రప్ప. (ఆ పేరు పెట్టింది నేనే. ఒప్పుకోవాల్సినవాటిలో ఇది చిన్నది.) వాళ్లది పశువుల ఇల్లు. ఊళ్లో ఏ ఆవుకు ఒంట్లో బాగా లేకపోయినా వాళ్లమ్మనే పిలిచేవాళ్లు. వాడు మెలకువగా ఉన్నంతసేపు లెక్కల్లో నన్ను మించినవాడు. కానీ పాలిపోయిన మొహంతో రెండో పీరియడుకే బల్ల మీద వాలిపోయేవాడు. ఆ ఏడు మదనపల్లెలో జరిగే గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్షకు మా బడి నుంచి రెండే పేర్లు పంపారు, వాడిదీ నాదీ. నాకు సీటు రాకపోతే మా నాయన ఇంకో బడి చూసేవాడు. వాడికి రాకపోతే చదువు అక్కడితో సరి, పశువుల వెంట పోవాల్సిందే.

పరీక్షకు కొద్ది వారాల ముందు మిషను ఆసుపత్రి సిస్టరమ్మ వచ్చి తలా ఒక మూత డబ్బా ఇచ్చింది. డబ్బాల మీద మా పేర్లు రాసి ఉన్నాయి. "రేపు పొద్దున ఎవురిది వాళ్లు దీంట్లో తేవాల. కడుపులో పురుగులుండాయేమో సూస్తాము" అంది. క్లాసంతా తలలు దించుకుని నవ్వింది. ఇల్లిల్లూ తిరిగి డబ్బాలు పోగు చేసే గౌరవం లీడరుగా నాకు దక్కింది. మర్నాడు ఆ గౌరవాన్ని సంచిలో వేసుకుని, గిరగిరా తిప్పుకుంటూ వస్తుంటే మా ఇంటి ముందర ఒక డబ్బా ఎగిరి, మూత ఊడి, బురదగుంటలో పడింది. తీసి చూస్తే పేరు మాత్రం మిగిలింది, సరుకు లేదు. పేరు నిద్రప్పది. వాళ్లిల్లు ఊరి చివర. జీపు చప్పుడు అప్పుడే వినిపిస్తోంది. ఎదురుగా కట్టేసి ఉన్న మా దూడ సరిగ్గా ఆ క్షణంలోనే తన పని కానిచ్చింది. ఎవరిదైతే ఏం, పురుగులు చూడ్డానికే కదా అనుకున్నాను. (లెక్కల్లో నేనెప్పుడూ రెండో వాణ్ణే.)

పది రోజులకు ఆ ఆసుపత్రి డాక్టరమ్మే స్వయంగా వచ్చింది. పురుగులున్న పిల్లలందరికీ మాత్రలిచ్చి, నిద్రప్పను ముందుకు పిలిచి, "నువ్వు రాత్రిళ్లు యాడ పడుకుంటావప్పా?" అని అడిగింది.

"కొట్టంలో, పశువుల కాడ."

"ఏం తింటావు?"

"సంగటి."

"గడ్డి గూడా తింటాడు డాక్టరమ్మా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. ఆ ఎవడో నేనే.

ఐవారితో డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. "ఇవి మనుషుల్లో ఉండే పురుగులు కావండీ, దూడల కడుపులో ఉండేవి. ఇంకోసారి చూసి, అప్పుడు మందిస్తాను." మెల్లగా చెప్పినా క్లాసంతటికీ వినిపించింది. నిద్రప్ప ఆ క్షణం నుంచి దూడప్ప అయ్యాడు. వాడు ఆమె ఇచ్చిన కొత్త డబ్బాను బల్ల మీదే వదిలేసి ఇంటికి పోయాడు. మళ్లీ బడికి రాలేదు.

మర్నాడు వాళ్లమ్మ పశువులకు మందు పోసే వెదురు గొట్టం, ఏదో చేదు కషాయం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఏమక్కా, మా దూడకేమైంది?" అని మా అమ్మ కంగారుపడింది.

"పురుగుండాది లేమ్మా."

"నీకెట్ల తెలిసె?"

"తెలిసింది" అని ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. "రేయ్, సూస్తా నిలబడుకుంటే ఎట్ల? కాళ్లు పట్టుకో." పట్టుకున్నాను. దూడకు మందు దిగింది.

పరీక్ష ముందు రోజు నిద్రప్ప దగ్గరికి వెళ్లి, "రేయ్, రేపు పోదాం రారా" అన్నాను. "ఆడ గూడా దూడప్పా అంటారు. నేను రాను" అన్నాడు. అది మా దూడదిరా అనే మాట నా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అక్కడే కూర్చుండిపోయింది. నేను పరీక్ష రాశాను, సీటు వచ్చింది. తర్వాత సిస్టరమ్మ వాళ్లింటికే వెళ్లి మళ్లీ పరీక్ష చేస్తే, వాడి కడుపు నిండా మామూలు మనుషుల పురుగులే, ఒంట్లో రక్తం లేదు. మందులు పడ్డాక వాడు మేలుకున్నాడు. రెండేళ్లు పశువుల వెంట తిరిగి, పదో తరగతి ప్రైవేటుగా కట్టి, నేను మూడు పూటలా హాస్టల్లో తిని ఎక్కిన మెట్లన్నీ సొంతంగా ఎక్కాడు.

ఇప్పుడు వాడు గుడుపల్లె దగ్గర ఒక బడికి హెడ్మాస్టరు. పోయిన నెల పిల్లలకు నులిపురుగుల మాత్రలిచ్చే రోజున రెండు మాటలు చెప్పమని పుంగనూరు నుంచి నన్ను పిలిపించాడు. మైకు దొరికింది కదా అని నా పాత కథే ఎత్తుకున్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ముందు వరసలో ఒక పాప మాత్రం నవ్వలేదు. "సార్, ఆయప్పకు ఆ పురుగు ఎట్ల వచ్చె?" అని అడిగింది. పక్కన హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా నాలుక మీద కూర్చున్న మాట అప్పుడు లేచింది. "రాలేదమ్మా. అది మా దూడది. నేనే పెట్టాను" అన్నాను.

తర్వాత వాడి గదిలో టీ తాగుతూ, "నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"దూడ అనంగానే తెలిసె. ఊర్లో కడుపుబ్బిన దూడ మీ ఇంటిదొకటే గదప్పా. మా యమ్మ మందు పట్టుకోని యాల వచ్చెననుకుంటివి?"

"మరి చెప్పలేదే?"

"సెప్తానంటే మా యమ్మ ఒప్పుకోలే. ఆ పిల్లోడు పరీక్షకు పోతాండాడు, ఇద్దురూ ఆగిపోయేదానికంటే ఒకడన్నా పోనీ అనె."

ఆమె పోయి చాలా కాలమైంది. వాడు మాత్రల డబ్బాలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "నములు. దూడకు పోసినాము, నిన్ను మర్సిపోయినాము" అని నవ్వాడు.

కుప్పంలో బస్సెక్కాక కూడా ఆ మాత్ర తీపి నోట్లోనే ఉంది. ఆనాటి ఆ క్లాసు లీడరు మీద నాకిప్పుడు కోపం రావడం లేదు, నవ్వే వస్తోంది. ఎవరికీ తెలియలేదనుకుని, నిద్రప్ప వాళ్లమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ దూడ కాళ్లు ఎంత గట్టిగా పట్టుకున్నాడో.